బ్యాటరీలకు డ్యూటీ చార్ట్

మా బాబాయికి పక్షపాతం అంటే ఒళ్ళు మంట. ఇంట్లో రెండు గొడుగులుంటే ఒక వానకి ఒకటి, మరుసటి వానకి ఇంకొకటి తీసేవాడు. సబ్బు పెట్టెలో రెండు సబ్బులుండేవి. సరి తేదీకి ఒకటి, బేసి తేదీకి ఒకటి. ముప్పై ఒకటో తేదీ తర్వాత ఒకటో తేదీ వస్తే బేసి సబ్బుకి వరసగా రెండు రోజులు పని పడుతుందని ఆ రెండో రోజు సబ్బే లేకుండా స్నానం చేసేవాడు. ఇదంతా పిసినారితనం అనుకునేరు. కాదు, ఉద్యోగం నేర్పిన జబ్బు. ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో డ్యూటీలు వేసిన గుమాస్తా.

రేపు ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, దాన్ని ఏ డ్రైవర్ నడపాలి, ఏ కండక్టర్ టికెట్లు కొట్టాలి, ఎవరికి వీక్లీ ఆఫ్ అన్నది రోజూ సాయంత్రం ఆయన పెన్సిల్‌తో పెద్ద చార్ట్ మీద రాసి గోడకి తగిలించేవాడు. మూడొందల మంది నిద్ర, భోజనం, అత్తగారింటి ప్రయాణం ఆ పెన్సిల్ మొన మీద ఉండేవి. ఎవరు బతిమాలినా, ఎవరు కళ్ళెర్ర చేసినా ఆయన ససేమిరా అనేవాడు. ఆయనకి ఒక పద్ధతి ఉండేది. పాత డ్రైవర్ పక్కన కొత్త కండక్టర్‌ని, పాత కండక్టర్ పక్కన కొత్త డ్రైవర్‌ని వేసేవాడు. కొత్తవాడు పని నేర్చుకుంటాడు, పాతవాడికి కాస్త ఊపిరాడుతుంది. మనుషుల విషయంలో ఇది మంచి పద్ధతే, ఒప్పుకుంటాను.

ఈ న్యాయం కింద నలిగిపోయిన మనిషి ఒక్కతే. మా పిన్ని. ఆమె అదే డిపోలో కండక్టరు. ఆ డిపోలో టికెట్ల సంచి తగిలించుకున్న మొదటి ఆడమనిషి. పెళ్ళానికి మంచి డ్యూటీ వేసుకున్నాడని ఎవరైనా అంటారేమోనని బాబాయికి ప్రాణభయం. అందుకని తెల్లవారక ముందే బయలుదేరే మొదటి బస్సు పిన్నికి, వంకర్ల ఘాట్ రోడ్డు పిన్నికి, సంత రోజు కోళ్ళ గంపలెక్కే బస్సు పిన్నికి. తనకి ఆదివారం సెలవైతే ఆమెకి మంగళవారం. ఆమె పగలు పనిచేసే వారం ఆయన సాయంత్రాలు ఆఫీసులో కూర్చునేవాడు.

నేను టీచర్ ట్రైనింగ్ కోసం వాళ్ళింట్లో ఉన్న రెండేళ్ళలో ఆ కాపురాన్ని దగ్గర నుంచి చూశాను. సగం కాపురం వంటింటి తలుపు మీద అంటించిన చీటీల్లో జరిగేది. చీటీల కింద పేర్లు కూడా ఉండవు, డిపోలో ఇచ్చిన ఉద్యోగి నంబర్లే. బాబాయిది నూట పద్దెనిమిది, పిన్నిది రెండొందల పద్నాలుగు. ఒకరోజు తలుపు మీద బాబాయి చీటీ, "గ్యాస్ అయిపోవచ్చింది. 118." దాని కిందే పిన్ని చీటీ, "ఓపిక కూడా. 214."

నేను ఆ ఇంట్లో దిగిన నెలలోనే బాబాయి రిటైరయ్యాడు, చీటీల అలవాటు మాత్రం పోలేదు. పిన్నికి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. డిపో వాళ్ళు బాబాయికి చిన్న వెండి రంగు డిజిటల్ కెమెరా బహుమతిగా ఇచ్చారు. అది ఉత్త బహుమతి కాదు, దానికి తోకలా ఒక పనీ ఉంది. ఆ డిపోలో ఎవరు రిటైరైనా, చివరి డ్యూటీ ముగియగానే, బస్సు పక్కన నిలబెట్టి ఒక ఫోటో తీస్తారు. దాన్ని ఫ్రేము కట్టించి, సిబ్బంది టీ తాగే హాల్లో గోడకి తగిలిస్తారు. అంతకు ముందు క్యాషియర్ తన రీలు కెమెరాతో తీసేవాడు. ఆయనా, ఆ కెమెరా ఒకేసారి రిటైరయ్యారు. ఇక ఆ పని బాబాయి మీద పడింది.

కెమెరాలో రెండు బ్యాటరీలు పట్టేవి, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లుల సైజువి. బాబాయి మొదట ఆ గడియారం సెల్లులే వేశాడు. కెమెరా ముక్కు బయటికి చాపింది, లోపలికి లాక్కుంది, ఆరిపోయింది. గడియారాన్ని ఏడాది నడిపే సెల్లు ఒక్క ఫోటోకి కూడా సరిపోలేదంటే ఆయన నమ్మలేదు. "కెమెరాకి పొగరు," అన్నాడు. ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీలు కొనమని ఎవరో చెబితే బజారుకెళ్ళి నాలుగు తెచ్చాడు. ఎలా ఎంచుకున్నావని అడిగాను.

"ఒక్కోదాని మీద ఒక్కో అంకె ఉందమ్మా. అన్నింటికన్నా పెద్ద అంకె ఉన్నవి తీసుకున్నాను," అన్నాడు.

"అంకె దేనికి?"

"పెద్దదైతే మంచిదేగా?"

అవి ఏడాది ఎలాగో మూలుగుతూ నడిచాయి. తర్వాత ఇంకో నాలుగు, వేరే కంపెనీవి కొన్నాడు. ఎనిమిదయ్యాయి. ఎనిమిది మంది సిబ్బంది చేతికొస్తే బాబాయి ఊరుకుంటాడా? బ్యాటరీల మీద మార్కర్‌తో ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేశాడు. పాత రిజిస్టరొకటి తీసి, గళ్ళు గీసి, డ్యూటీ చార్ట్ రాశాడు. సోమవారం ఒకటి, ఐదు. మంగళవారం రెండు, ఆరు. ఎప్పుడూ ఒక పాతది, ఒక కొత్తది. ఛార్జర్‌లో కూడా అలాగే. మిగతావి అల్మారాలో వీక్లీ ఆఫ్.

"పాతదాని పక్కన కొత్తదుంటే పని నేర్చుకుంటుంది," అన్నాడు నాతో, చాలా మామూలుగా.

"బ్యాటరీ ఏం నేర్చుకుంటుంది బాబాయ్?"

"నీకు డిపో సంగతులు తెలియవు."

ఈ చార్ట్ దెబ్బకి మొదట బలైనవాడు హెడ్ మెకానిక్. పాపం ఆయన జీవితంలో గ్రీజు మరకలేని చొక్కా వేసుకున్నది ఆ ఒక్కరోజే. బస్సు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బాబాయి మీట నొక్కాడు. కెమెరా ముక్కు చాపి, అలాగే చాపుకుని చచ్చిపోయింది. ఆ రోజు డ్యూటీ మూడుది, ఏడుది. రెండింటినీ బాబాయి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మెకానిక్ ఊపిరి వదిలేశాడు. గోడ మీద ఆయన చోట ఒక మేకు, మేకుకి "ఫోటో త్వరలో" అన్న కాగితం మిగిలాయి.

రెండోవాడు ఘాట్ రోడ్డు డ్రైవర్. భారీ మనిషి. ఈసారి కెమెరా ఫోటో తీసింది గానీ, దాన్ని లోపల దాచుకునే లోపే బ్యాటరీలు చేతులెత్తేశాయి. ఫోటోలో పై సగం డ్రైవర్, కింది సగం బూడిద రంగు. "పోన్లెండి, పొట్ట కనబడకుండా తీశారు," అని ఆ పెద్దమనసు మనిషి సంతోషించాడు. మిగతా డిపో అంతా పడీ పడీ నవ్వింది. ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ వేలెత్తి చూపని మనిషికి ఆ నవ్వు బాగా తగిలింది. ఇంటికొచ్చి, ఐదో నంబరుకి "హెచ్చరిక" అని రిజిస్టర్‌లో రాసి పడుకున్నాడు.

ఇక పిన్ని వంతు వచ్చింది. ఆ నెలాఖరున ఆమె రిటైర్‌మెంట్. సాయంత్రం ఐదూ నలభైకి ఆమె చివరి బస్సు గేటులోకి వస్తుంది. నెల ముందే ఒక మంగళవారం, ఆమె సెలవు రోజున, వంటింట్లో కూరగాయలు తరుగుతూ విషయం ఎత్తింది.

"నా ఫోటో ఆ గోడ మీద ఉండాలి," అంది.

"ఉంటుంది," అన్నాడు బాబాయి.

"మెకానిక్‌కీ ఇలాగే చెప్పారు."

బాబాయి ఒక వంకాయ తీసి అటూ ఇటూ తిప్పాడు.

"నలభై ఒక్క ఫోటోలున్నాయి ఆ గోడ మీద. నలభై ఒక్క మీసాలు. వాటి మధ్య ఒక ఆడమనిషి ముఖం ఉండాలి. రేపు సంచి తగిలించుకుని వచ్చే పిల్ల ఆ గోడ చూసి, ఓహో మనకంటే ముందు ఒకావిడ ఉండేదన్నమాట అనుకోవాలి. అది నాకు ముఖ్యం. తీయగలరా, స్టూడియో అతన్ని పిలుచుకోనా?"

"నేనుండగా ఇంకెవరో ఎందుకే?"

"మిమ్మల్ని ముప్పై ఏళ్ళలో ఏమడిగాను చెప్పండి. నాకూ ఆదివారం సెలవు వేయమని ఒక్కసారి అడిగాను. ఇచ్చారా?"

"నలుగురూ ఏమనుకుంటారని..."

"ఆ నలుగురూ ఆదివారం వాళ్ళ పెళ్ళాలతో సినిమాకి వెళ్ళారు. నా బస్సులోనే వెళ్ళారు. నేనే టికెట్లు కొట్టాను."

నాకు నవ్వొచ్చింది గానీ పిన్ని నవ్వడం లేదు. కత్తి పక్కన పెట్టేసింది. "మీకు తెలీదండీ. డ్యూటీ దిగి తాళం తీసుకుని లోపలికొస్తే ఇల్లంతా మీ సబ్బు వాసన ఉండేది. మనిషి ఉండేవాడు కాదు. ఎన్నేళ్ళు అలాగే గడిచాయో. నాకు చాలా కష్టంగా ఉండేది," అంది.

బాబాయి లేచి వెళ్ళి రిజిస్టర్ తెరిచి, చాలాసేపు ఏమీ రాయకుండా కూర్చున్నాడు. ఆ సాయంత్రం నా గది గుమ్మం దగ్గర నిలబడి, "బ్యాటరీల సంగతి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కుంటావా?" అని అడిగాడు. బాబాయి ఒకరిని సలహా అడగడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

మా ట్రైనింగ్ కాలేజీ ఎదురుగా ఫోటో స్టూడియో ఒకటుంది. పరీక్షల ఫారాలకి మా క్లాసు మొత్తానికి దొంగల ముఖాలు తీసిపెట్టింది అక్కడి పెద్దాయనే. అక్కడికి తీసుకెళ్ళాను. బాబాయి కెమెరానీ, ఎనిమిది బ్యాటరీలనీ, రిజిస్టర్‌నీ బల్ల మీద పెట్టాడు. పెద్దాయన ముందు రిజిస్టర్ చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఇదేంటి సార్?"

"చార్ట్. పాతదానికి కొత్తది తోడు."

పెద్దాయన ముఖంలో నవ్వు రాబోయి ఆగింది. మంచివాడు. మొదటి నాలుగింటిలో ఒకదాన్ని తీసి బాబాయి ఎడమ చేతిలో పెట్టాడు. తన సొరుగులోంచి ఒకటి తీసి కుడి చేతిలో పెట్టాడు.

"ఏది బరువుంది?"

"కుడిచేతిది."

"ఎడమ చేతిదాని మీద అంకె ఎంతుందో చూడండి. కుడిచేతిదాని మీద ఎంతుందో చూడండి."

ఎడమ చేతిదాని మీద అంకె దాదాపు రెట్టింపు ఉంది. బాబాయి నోరు వెళ్ళబెట్టాడు.

"లోపల ఎంత కరెంటు పడుతుందో చెప్పేది ఆ అంకె, కానీ అంకె ఎవడైనా అచ్చేసుకుంటాడు సార్. లోపల సరుకుంటే బరువుంటుంది. ఈ సైజు బ్యాటరీలో అంత అంకె పట్టనే పట్టదు," అన్నాడు పెద్దాయన. తర్వాత ఒక చిన్న మీటరు తీసి ఒక్కోదాన్నీ పరీక్షించాడు. పాత నాలుగూ పోయాయి. కొత్త నాలుగింటిలో రెండు బాగున్నాయి, రెండు కొన ఊపిరితో ఉన్నాయి.

"ఇవి కొని ఏడాది కూడా కాలేదే?" అన్నాడు బాబాయి.

"పాతవాటితో కలిపారుగా. కెమెరాకి రెండూ కలిసి పనిచేయాలి. పాతది మధ్యలో ఖాళీ అయిపోతుంది, కొత్తది ఇంకా తోస్తూనే ఉంటుంది. దాంతో పాతది పూర్తిగా చస్తుంది, కొత్తదీ నలుగుతుంది. ఛార్జింగ్‌లో కూడా ఒకటి ముందే నిండుతుంది, ఇంకోటి ఆకలితో ఉంటుంది. వీటికి ఒకటే రూలు సార్. ఒకేసారి కొన్న రెంటినీ జత చేయండి. కలిపే వాడండి, కలిపే ఛార్జింగ్ పెట్టండి, కలిపే పక్కన పెట్టండి. ఆ జతని ఎప్పుడూ విడదీయకండి."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"అది పక్షపాతం కాదూ?"

"అవి బ్యాటరీలు సార్. యూనియన్ పెట్టుకోవు."

బాబాయి రిజిస్టర్‌లో వీక్లీ ఆఫ్ గడి మీద వేలు పెట్టాడు. "మరి అల్మారాలో విశ్రాంతి ఇచ్చినవి? అవి కూడా అయిపోతున్నాయేం?"

"ఈ రకానివి ఊరికే కూర్చున్నా నీరసపడతాయి. నెల తర్వాత తీస్తే సగం కూడా ఉండదు."

"పని చెయ్యకుండానే అలసిపోతాయా?"

"మీ డిపోలో అలాంటివాళ్ళు లేరా?"

ఆ మాట బాబాయికి వెంటనే అర్థమైంది. ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చినట్టున్నారు, తల పంకించాడు. పెద్దాయన సొరుగులోంచి ఒక జత తీశాడు. అంకె చిన్నదే గానీ, నెలలు పక్కన పెట్టినా బలం తగ్గని రకం. కెమెరాలో ఏ రకం బ్యాటరీ వేశామో చెప్పే చోటొకటి ఉంటే, అక్కడ మామూలు సెల్లులని ఉన్నదాన్ని ఛార్జింగ్ రకమని మార్చాడు. ఇన్నాళ్ళూ కెమెరా అందుకే ఇంకా సత్తువ ఉండగానే అయిపోయిందని గోల పెట్టేదట. రెండు గంటల్లో నింపే ఛార్జర్ కన్నా రాత్రంతా తీసుకునేది మేలని, వేడెక్కితే వాటి ఆయుష్షు తగ్గుతుందని కూడా చెప్పాడు. బాబాయి అంతా రిజిస్టర్‌లో రాసుకున్నాడు. "జత విడదీయరాదు" అన్నదాని కింద రెండు గీతలు గీశాడు.

ఆ నెలంతా ఇంట్లో రిహార్సల్స్. నన్ను ఎన్నిసార్లు గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీశాడో లెక్కలేదు. గొడుగులకి తీశాడు, సబ్బులకి తీశాడు. కెమెరా ఒక్కసారి కూడా మొరాయించలేదు. పిన్ని డ్యూటీకి వెళ్తూ, "ఇంట్లో బాగానే తీస్తారు, అక్కడ చూడాలి," అని రోజూ గాలి తీసేసి వెళ్ళేది.

ఆ రోజు రానే వచ్చింది. ముందు రాత్రంతా జతని ఛార్జింగ్ పెట్టాడు. పొద్దున్నే పరీక్షించాడు, పనిచేసింది. నేను చూస్తుండగా బ్యాటరీలు బయటికి తీసి, ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అరగంట తర్వాత రెండింటినీ చొక్కా జేబులో వేసుకుని బయటికొచ్చాడు.

"కెమెరాలో వేయకుండా జేబులో ఎందుకు?" అన్నాను.

"డ్యూటీ ఐదూ నలభైకి. పదిహేను నిమిషాల ముందు సైన్ ఆన్, హాజరు సంతకం. ఐదూ ఇరవై ఐదుకి ఎక్కిస్తాను. అప్పటిదాకా వాళ్ళని బస్సులో కూర్చోబెట్టకూడదు, రూలు."

"పోనీ, అదనంగా ఇంకో రెండు తెచ్చావా?"

"మీటరులో బాగున్న ఆ రెండూ వీక్లీ ఆఫ్."

నా తలకాయ కొట్టుకుందామనుకున్నాను, టైము లేదు.

మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. ఐదింటికల్లా డిపో గేటు దగ్గర యాభై మంది దాకా చేరారు. "ఫోటో త్వరలో" మెకానిక్ వచ్చాడు, సగం ఫోటో డ్రైవర్ వచ్చాడు. ఐదూ ఇరవై ఐదు కాగానే బాబాయి గడియారం చూసుకుని, జేబులోంచి బ్యాటరీలు తీసి, కెమెరాలో వేసి, మూత మూసి, మీట నొక్కాడు.

ఏమీ లేదు. ముక్కు చాపలేదు, దీపం వెలగలేదు, కనీసం గోల కూడా పెట్టలేదు.

తీసి మళ్ళీ వేశాడు. ఒకదాని చోట ఇంకోటి వేశాడు. ఊదాడు, చొక్కాకి రుద్దాడు, కెమెరాని చెంప మీద కొట్టినట్టు కొట్టాడు. ఊహూ. నేను చేయి చాపితే ఇవ్వలేదు. సగం ఫోటో డ్రైవర్ తన పొట్టని మోసుకుంటూ ఎదురు కొట్టుకి పరుగెత్తి గడియారం సెల్లులు తెచ్చాడు. కెమెరా వాటితో ఒకసారి ముక్కు చాపి, వెంటనే లోపలికి లాక్కుంది. యాభై మందీ ఒకేసారి "అయ్యో" అన్నారు. నలుగురైదుగురు నవ్వారు కూడా. బాబాయి ఆ సెల్లులు తీసేసి, మళ్ళీ తన జతనే వేశాడు. నాకు ఆయన మీద కోపం పోయి జాలేసింది, పిన్నిని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

సరిగ్గా ఐదూ నలభైకి బస్సు గేటులోకి తిరిగింది. ఆ ఒక్కరోజైనా ఆలస్యంగా రావచ్చుగా! పిన్ని ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారంలో, సంచి భుజానికి, ఈల మెడలో, ఫుట్‌బోర్డు మీద నిలబడి వస్తోంది. చప్పట్లు కొట్టారు. దిగింది. బాబాయి చేతిలో తెరిచిన కెమెరాని చూసింది, ఆయన ముఖం చూసింది. ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఇలా ఇవ్వండి," అంది.

"అది కాదే, పొద్దున పనిచేసింది. నేను..."

"ఇవ్వండి."

బ్యాటరీలు అరచేతిలో ఒంపుకుంది. రెండింటి చుట్టూ తెల్లకాగితం ముక్క, దాని మీద మెరిసే టేపు, పొందిగ్గా చుట్టి ఉన్నాయి. పొద్దున్న గది తలుపేసుకుని చేసిన ఘనకార్యం అదీ. రోజంతా ఎండలో, చెమటలో, జేబులో పడి ఉండి జిగురు కరిగి, టేపు కిందికి జారి, బ్యాటరీ అడుగు భాగాన్ని కప్పేసింది. కెమెరాకి అది తగలాల్సిన చోట టేపు తగులుతోంది. టికెట్ల కట్టలో అతుక్కున్న కాగితాలని ముప్పై ఏళ్ళు విడదీసిన మనిషికి అది కనిపించడానికి క్షణం పట్టలేదు.

"ఈ చుట్టింది ఏంటి?"

"లేబుల్. అది పీకకు, చార్ట్ తప్పుతుంది."

పిన్ని పీకబోయి, ఆగి, లేబుల్‌ని ఎండ వైపు తిప్పి చదివింది. ఎర్రసిరా. గుండ్రటి గుమాస్తా అంకెలు. ఒకదాని మీద నూట పద్దెనిమిది. రెండోదాని మీద రెండొందల పద్నాలుగు.

"ఎవరు వేశారివి?"

"నేనే," అన్నాడు బాబాయి, బస్సు టైరు వైపు చూస్తూ.

"మీరూ నేనూ ఒకే డ్యూటీకా?"

"ఒకే డ్యూటీకి." జేబులో పెన్సిల్ సర్దుకున్నాడు. "జతని విడదీయకూడదట. నాకెవరూ ముందే చెప్పలేదే. నేనే తెలుసుకుని ఉండాల్సింది. తప్పు నాదే."

డిపోలో ఆయన నోట "తప్పు నాదే" అన్న మాట ఎవరూ విని ఉండరు. పిన్ని లేబుళ్ళు రెండూ చిరక్కుండా గోటితో లేపి, టికెట్ల సంచిలో లోపలి అరలో పెట్టుకుంది. మిగిలిన జిగురుని బొటనవేలి గోటితో గీకేసింది. ఆ గోరు టికెట్లు చింపీ చింపీ రేకులా గట్టిపడ్డది.

"పెన్సిల్ ఇవ్వండి," అంది.

బాబాయి జేబులోంచి చార్టు పెన్సిల్ తీసి ఇచ్చాడు. జనరల్ మేనేజర్ సంతకానికి అడిగినా ఇవ్వని పెన్సిలది. దాని వెనకున్న రబ్బరుతో పిన్ని బ్యాటరీల రెండు కొసలూ, కెమెరా లోపలి రేకులూ శుభ్రంగా తుడిచింది. వేసింది. మూత మూసింది. కెమెరా బుద్ధిగా ముక్కు చాపింది.

యాభై మంది అరుపులకి గేటు మీది పావురాలు లేచిపోయాయి.

బస్సు పక్కన పిన్ని నిటారుగా నిలబడింది. బాబాయి తీశాడు. వచ్చింది, పూర్తిగా వచ్చింది, పాదాలతో సహా. నాకు చూపించాడు, మెకానిక్‌కి చూపించాడు, ఆఖరికి గేటు కాపలా మనిషికి కూడా చూపించాడు.

"ఇప్పుడు మీరూ రండి," అంది పిన్ని.

"నేనా? రిటైరైనవాళ్ళ ఒంటరి ఫోటోనే గోడకి... రూలు..."

పిన్ని ఈల ఊదింది. "ముందుకు జరగండి! గుమ్మంలో నిలబడకండి, ముందుకు జరగండి!" అని బస్సంతా వినబడే గొంతుతో అరిచి, ఆయన చేయి పట్టుకుని లాగింది. ముప్పై ఏళ్ళుగా ఆ గొంతుకి జనం జరుగుతూనే ఉన్నారు, ఆయనా జరిగాడు. కెమెరా నా చేతికొచ్చింది. తీశాను. బ్యాటరీల్లో ఇంకా బలం ఉందని చూసి, మెకానిక్ గ్రీజు చొక్కాతోనే వచ్చి నిలబడ్డాడు. సగం డ్రైవర్ కూడా వచ్చాడు, ఈసారి పొట్టతో సహా పడ్డాడు.

గోడ మీద ఏ ఫోటో పెట్టాలన్న దానిమీద డిపోలో వాదన జరిగింది. బాబాయి ఒక్కడే పిన్ని ఒంటరి ఫోటో అన్నాడు. మిగతా మూడొందల మందీ రెండోదే అన్నారు. ఇప్పుడు అక్కడ ఉన్నది రెండోదే. అందులో బాబాయి, కెమెరా దీపం ఆరిపోతుందేమోనని నా చేతుల వైపు భయంగా చూస్తుంటాడు. పిన్ని ఆయన వైపు చూస్తుంటుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళ్తే తలుపు మీది పాత చీటీలన్నీ పోయాయి. వాటి చోట జిగురు మరకలతో ఆ రెండు లేబుళ్ళు, నూట పద్దెనిమిదీ, రెండొందల పద్నాలుగూ, పక్కపక్కన అంటించి ఉన్నాయి. వాటి కింద బాబాయి పెన్సిల్ రాత, "వీక్లీ ఆఫ్ : ఇద్దరికీ, ఆదివారం."

దాని కింద పిన్ని రాత. "కాఫీ డ్యూటీ : 118. సైన్ ఆన్ టైము దాటింది, లేవండి."